వడపోసిన నొప్పి

శరభ మోటార్స్‌లో కారు బుక్ చేసుకున్నవాళ్ళ ఇంటికి కారుకంటే మూడు వారాలు ముందుగా ఒక చిన్న అట్టపెట్టె వస్తుంది. అందులో బొటనవేలంత వెడల్పున మెత్తని నల్లపట్టీ ఉంటుంది. తమ బండి తయారీ మొదలయ్యే రోజున దాన్ని నుదుటికి కట్టుకుని కళ్ళు మూసుకుంటే చాలు, కళ్యాణదుర్గం అవతల ఫ్యాక్టరీలో ఆ బండికి బోల్టు బిగిస్తున్న మనిషి కళ్ళతో దాన్ని చూడవచ్చు. చూడటం ఒక్కటే కాదు. ఆ మనిషి పట్టుకున్న ఇనుము చల్లదనం వీళ్ళ అరచేతికి తెలుస్తుంది. బండి పక్క చోటికి జరిగితే చూపు కూడా పక్క మనిషికి మారుతుంది. పని చేసేవాళ్ళ నుదుట కూడా అలాంటి పట్టీయే ఉంటుంది. అది పంపుతుంది, ఇది పుచ్చుకుంటుంది.

కంపెనీ దీనికి 'కన్నులారా' అని పేరు పెట్టింది. జనం ఎగబడ్డారు. ఇంటిల్లిపాదీ తలస్నానాలు చేసి, ఉతికిన బట్టలు కట్టుకుని, వంతులవారీగా పట్టీ కట్టుకుని కూర్చునేవారు. కర్నూలులో ఒకాయన మొదటి చక్రం బిగించే నిమిషానికి సరిగ్గా వాకిట్లో టెంకాయ కొట్టించాడు.

ఆ పట్టీని తయారుచేసిన అయిదుగురిలో ఎర్రిస్వామి ఒకడు. ఆఫీసులో అందరూ స్వామి అంటారు. వాళ్ళ వంశంలో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి. చెప్పిన పని చెప్పినట్టు, చెప్పిన గడువుకు ఒకరోజు ముందే చేస్తాడని పేరు.

రెండో నెలనుంచి ఫిర్యాదులు మొదలయ్యాయి. బండి చూసిన దగ్గరనుంచి నడుము పట్టేసిందని ఒకరు. కుడి భుజం లాగుతోందని, తను జన్మలో బరువెత్తి ఎరుగనని ఇంకొకరు. ఒక శనివారం హైదరాబాదునుంచి ఒకామె ఫోన్ చేసి దులిపేసింది. నాలుగు ఇడ్లీలు, ఒక దోసె తిని కూర్చుందట. పట్టీ కట్టుకోగానే కడుపులో మంట, కళ్ళు తిరగడం.

"కారు చూస్తే ఆకలేస్తుందేమిటండీ? అదేం కారు?" అంది.

స్వామి ఆ గంటలో బండి ఎక్కడుందో వెతికాడు. తలుపుల వరుసలో పదిహేడో చోటు. అక్కడ పనిచేసే మనిషి పేరు కె. సుంకమ్మ. ఆ పేరు చూసి గబుక్కున తెర మూసేశాడు. నివేదికలో 'పనిచేసేవారు ఉపవాసం ఉన్నారు' అని మాత్రం రాశాడు.

సుంకమ్మ అతని సొంత అక్క.

ఆ సంగతి ఫ్యాక్టరీలో ఎవరికీ తెలియదు. ఉద్యోగంలో చేరిన వారంలో, భోజనాల దగ్గర, విభాగానికి పెద్ద అయిన డాక్టర్ పద్మాకర్, ఇంట్లో ఎవరెవరున్నారని అడిగాడు. ఆ బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళలో ఒకరి తండ్రి లెక్చరరు, ఒకరి తల్లి డాక్టరు. "అక్క ఉంది సార్. ఊళ్ళో సేద్యం చూసుకుంటుంది" అన్నాడు స్వామి. అప్పుడు సుంకమ్మ ఆ బల్లకు రెండు వందల గజాల దూరంలో కారు తలుపులు బిగిస్తోంది. ఆ ఫ్యాక్టరీలో ఖాళీ ఉందని తమ్ముడికి కబురు చేసింది కూడా ఆమే. తర్వాత అక్కకు నచ్చజెప్పాడు. "లోపల మనం పలకరించుకోకుంటేనే మంచిదక్కా. సూపర్‌వైజర్లు నిన్ను నా మనిషి అనుకుంటారు, నీకే ఇబ్బంది" అన్నాడు. ఆమె నమ్మింది. నమ్మినట్టు ఉండిపోయిందో ఏమో, అతను ఎప్పుడూ అడగలేదు.

ఆదివారం ఆమె ఇంటికి భోజనానికి వెళ్ళినప్పుడు హైదరాబాదు ఫోను సంగతి చెప్పాడు. సుంకమ్మ సంగటి ముద్ద చేతిలోనే పట్టుకుని పడీపడీ నవ్వింది.

"నేను ఏడుకొండలవానికి ఒక్కపొద్దుంటే ఆకలి ఆయమ్మకు తగిలిందా! సూడ్రా ఎర్రోడా, పుణ్యం గూడా అట్లే ఆయమ్మకే పోతాందేమో!"

"నవ్వులాట కాదక్కా. శనివారాలు ఏదన్నా తిని పో."

"యాడ తినమంటావు? నిన్ను హాస్టల్లో వేసిన నాడు మొక్కిన మొక్కిది. నువ్వు చదివి బయటపడితివి గదా, ఇప్పుడు తప్పమంటే ఎట్ల?" అని పులుసు వడ్డించింది.

పద్మాకర్‌కు ఒక్కపొద్దులతో పని లేదు. సోమవారం అందరినీ పిలిచి, "వాళ్ళు కారు కొనుక్కున్నారు. కారుతోపాటు నడుంనొప్పి కొనుక్కోలేదు. నొప్పి తీసేయండి" అన్నాడు. ఆ పని స్వామికి అప్పగించాడు.

స్వామి మొదట నొప్పిని దారిలో తీసేయాలని చూశాడు. కుదరలేదు. మనిషి లోపల చూపు, స్పర్శ, నొప్పి దారాల్లా అల్లుకుని ఉంటాయి. అల్లిక అయ్యాక ఒక దారం లాగితే మిగతావి చిరుగుతాయి. చెయ్యి బోల్టును తాకాక క్షణానికి గానీ బోల్టు కనిపించేది కాదు. పట్టీ కట్టుకుని పరీక్షించినవాళ్ళు వాంతులు చేసుకున్నారు. అల్లకముందే తీయాలి. అంటే పనిచేసే మనిషికే నొప్పి పుట్టకూడదు.

నెల తిరక్కుండానే చేశాడు. నుదుటి పట్టీ నొప్పిని పసిగట్టి, దానికి ఎదురుగా ఒక చిన్న అలను మెదడుకు పంపుతుంది. రెండూ కలిసి చెరిగిపోతాయి. స్వామి తనమీదే పరీక్షించుకున్నాడు. ఎడమచేతి చర్మానికి బట్టలు ఆరేసే క్లిప్పు పెట్టుకుని, కుర్చీలో ఇరవై నిమిషాలు కూర్చున్నాడు. ఏమీ తెలియలేదు. తీశాక చేతిమీద రెండు ఎర్రని గాట్లు పడి ఉన్నాయి. వాటిని చూసి సంతోషపడ్డాడు. చెరిపిన ప్రతి నొప్పినీ, ఏ నిమిషాన, ఒంట్లో ఎక్కడ, ఎన్ని సెకన్లు అన్నది పట్టీ రాసిపెట్టుకునేలా కూడా చేశాడు. ఎవరూ అడగలేదు. ఏది తీసేస్తున్నామో రాసి ఉండాలి కదా అనుకున్నాడు. రాసింది మాత్రం అప్పట్లో ఎవరూ తెరిచి చూడలేదు. అతను కూడా.

కొత్త పట్టీలు పంచేముందు సుంకమ్మ అడిగింది. "మా వరసలో ఆడోళ్ళంతా నన్ను అడుగుతాండారురా. పెట్టుకోవచ్చునా?"

పద్మాకర్ చెప్పమన్న మాట ఒకటుంది. స్వామి అదే చెప్పాడు. "అలసట తెలియకుండా చేస్తుందక్కా, అంతే. ఏం కాదు."

"నువ్వు చేసిందేనా?"

"నేనే."

"అట్లయితే చాల్లే" అంది. మరునాడు తలుపుల వరుసలో ముప్పైమందీ పేచీ పెట్టకుండా కట్టుకున్నారు.

ఫిర్యాదులు ఆగిపోయాయి. వరుసలో పని జోరందుకుంది. ఒక ఆదివారం సుంకమ్మ కాళ్ళు బారజాపుకుని కూర్చుని చెప్పింది. "పగలంతా ఏం తెలీదురా. సాయంత్రం గేటు కాడ పట్టీ తీసి బుట్టలో వేస్తామా, అప్పుడు వస్తాది సూడు, పొద్దున్నుంచి ఉండేదంతా ఒకేసారి. మెట్లమీద కూలబడతాము. రహమత్‌బీ దానికి పేరు గూడా పెట్టింది, గేటు కాడి చుట్టమని. 'చుట్టమొచ్చినాడే, కాసేపు కూర్చోని పోదాము' అంటాది."

స్వామి ఆ మాట నివేదికలో రాయాలనుకున్నాడు. ఆ వారమే పద్మాకర్ అందరిముందూ అతని భుజం తట్టాడు. తర్వాతి వారం రాద్దామనుకున్నాడు. ఆ తర్వాతి వారం అనుకోవడం కూడా మానేశాడు.

ప్రమాదం జరిగింది గురువారం పొద్దున.

బయటినుంచి అతిథులు వచ్చారు. పట్టుచీరలు నేసేచోట, ఇళ్ళు కట్టేచోట ఈ పట్టీలు పెడితే ఎలా ఉంటుందని చూడటానికి వచ్చినవాళ్ళు. తలుపుల వరుసకు పైన, ఇనుపమెట్లెక్కితే, అద్దాల గది ఉంటుంది. స్వామి అంతకుముందెప్పుడూ ఆ గదిలోకి వెళ్ళలేదు. ఆరోజు పద్మాకర్ వెంటబెట్టుకుని వెళ్ళి, "నొప్పి వడపోత కనిపెట్టింది ఈ అబ్బాయే" అని చూపించాడు. స్వామి కొత్త నీలం చొక్కా వేసుకున్నాడు.

అతిథుల్లో ఒక పెద్దావిడ కిందికి చూస్తూ, "ఆ అమ్మాయి మిమ్మల్ని చూసి నవ్వుతోందే. తెలిసిన మనిషా?" అంది.

స్వామి చూశాడు. పదిహేడో చోట సుంకమ్మ తలెత్తి ఉంది. అంతమంది పెద్దవాళ్ళ మధ్య, అంత ఎత్తున, ఇస్త్రీ చొక్కాలో నిలబడ్డ తమ్ముణ్ణి చూస్తోంది. ముఖమంతా విప్పారి ఉంది. గడ్డం రవ్వంత పైకెత్తింది, 'ఏమిరా' అన్నట్టు.

"లేదండీ. ఎవరైనా వస్తే అందరూ అలాగే చూస్తారు" అన్నాడు స్వామి. అని, ముఖం తిప్పుకుని, కప్పుకు వేలాడే యంత్రాల చేతులను ఆవిడకు చూపించడం మొదలుపెట్టాడు.

కేక వినిపించింది. అది సుంకమ్మ కేక కాదు, పక్కనున్న రహమత్‌బీది.

తలుపును బండికి అతికించే ఇనుప దవడ ఒకటుంది. మనిషి తలుపును సర్ది చెయ్యి తీసేస్తే అది మూసుకుంటుంది. చెయ్యి తీయకపోతే కూడా మూసుకుంటుంది. వేలు పడిందని తెలిసిన క్షణమే కాలికింది మీటను తొక్కితే తెరుచుకుంటుంది. అందరూ తొక్కుతారు, ఆలోచించకుండా తొక్కుతారు. సుంకమ్మ తొక్కలేదు. దవడ ఆమె కుడిచేతి మూడు వేళ్ళను పదకొండు సెకన్లు నలిపింది. రహమత్‌బీ అరిచాక ఆమె కిందికి చూసి, తెల్లని తలుపుమీద కారుతున్నదాన్ని చూసి, "ఎవరిదే ఈ రక్తం?" అని అడిగిందట.

అనంతపురం ఆసుపత్రిలో రెండు వేళ్ళు తీసేశారు. మూడోది ఉంది కానీ వంగదు. ఆ సాయంత్రం స్వామి వెళ్ళేసరికి సుంకమ్మ కళ్ళు సగం మూసుకుని ఉంది. అతన్ని చూడగానే వాకిలివైపు చూసింది.

"ఆఫీసోళ్ళు వస్తామన్యారు. నువ్వీడ ఉంటే సూస్తారు. పోరా."

స్వామి తెచ్చిన దానిమ్మపండ్లు మంచం కింద పెట్టి వెళ్ళిపోయాడు. బస్టాండు చేరాక గానీ, 'ఉండు' అనే మాట కోసం తాను ఒక్క నిమిషమైనా ఆగలేదని గుర్తురాలేదు.

శనివారం ఆఫీసుకు ఒక ఫోను వచ్చింది. ఆ తెల్లకారు బుక్ చేసుకున్నాయనే చేశాడు. నంద్యాలలో ఉంటాడు. పేరు మస్తానయ్య. బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఇలాంటి ఫోన్లకు ఏం చెప్పాలో పద్మాకర్ కాగితంమీద రాయించి ఇచ్చాడు.

"ఆ యమ్మకు ఎట్లుండాది సార్?" అని మొదలుపెట్టాడు మస్తానయ్య.

స్వామి కాగితం చూసి చదివాడు. "మీరు చూసింది ప్రసారంలో లోపమండీ. అక్కడ అలాంటిదేమీ జరగలేదు. మీకు వేరే బండి..."

"లోపమా? నాయనా, ముప్పై ఏండ్లు బస్సు తలుపు కాడ నిలబడినోణ్ణి. తలుపులో వేలు పడితే ఎట్లుంటాదో నాకు చెప్పాల్సిన పన్లేదు. మొన్న అదే తెల్లేదు. రక్తం కనపడతాండాది, ఆ చెయ్యి నాదే అనిపిస్తాండాది, నొప్పి మాత్రం లేదు. నొప్పి లేకపోవడం తలుచుకుంటే నాకు అన్నం పోవడంలే."

స్వామి కాగితాన్ని కిందిదాకా వెతికాడు.

"ఇంకోటి అడుగుతా సార్. దానికి ముందు ఆ యమ్మ తలెత్తి పైన అద్దాల గదిలో ఎవరినో సూసింది. అబ్బా, ఏం సంతోషం సార్ అది! మా పాపకు కాన్పయి తల్లీబిడ్డా బాగుండారని కబురొచ్చిననాడు పడినా అంత సంతోషం. ఎవరో నీలం చొక్కా పిల్లోడు. ఆ పిల్లోడు మొగం తిప్పుకున్యాడు. అంతే సార్. ఆ యమ్మ లోపల దీపం ఆర్పినట్టు ఏమీ లేదు. బాధ గూడా లేదు. ఎవరు సార్ ఆ పిల్లోడు?"

"నాకు తెలియదండీ" అన్నాడు స్వామి.

ఫోను పెట్టేశాక చాలాసేపు చేతులు బల్లమీద పెట్టుకుని వాటినే చూస్తూ కూర్చున్నాడు. పది వేళ్ళూ ఉన్నాయి.

విచారణ పది రోజులకు పెట్టారు. గదిలో నలుగురే ఉన్నారు. పద్మాకర్, భద్రతాధికారి రంగనాయకులు, రాసుకోవడానికి స్వామి, బల్లకు ఇవతల కుర్చీ అంచున సుంకమ్మ. తప్పు యంత్రానిదో పట్టీదో అయితే ఆమెకు ఉద్యోగం ఉంటుంది, చెయ్యి బాగయ్యేదాకా కంపెనీ వైద్యం చేయిస్తుంది. తప్పు ఆమెదని తేలితే రెండూ ఉండవు. ఆ సంగతి రంగనాయకులు ముందే చదివి వినిపించాడు. ఆమె తలూపింది.

రంగనాయకులు చెడ్డవాడు కాదు. నెమ్మదిగానే అడిగాడు.

"చూడమ్మా, నీ పట్టీలో తల ఎప్పుడు ఎటు తిరిగిందో రికార్డయింది. దవడ మూసుకునేముందు ఎనిమిది సెకన్లు నువ్వు పని వదిలి పైకి చూశావు. ఎందుకు చూశావు?"

"ఊరికే సార్."

"ఊరికే ఎనిమిది సెకన్లు చూస్తారా? పైన ఎవరన్నా పిలిచారా? ఏదైనా చప్పుడైందా? ఉంటే చెప్పు. నీకే మంచిది."

"ల్యా సార్. లైట్లు సూసినా."

"లైట్లా?"

"ఏదో పరధ్యానం సార్."

ఆమె ఒక్కసారి కూడా స్వామివైపు చూడలేదు. బల్ల కాలిని చూస్తూ చెప్పింది. రంగనాయకులు పద్మాకర్ ముఖం చూశాడు. పద్మాకర్ గడియారం చూశాడు. "అయితే అదే రాద్దాం" అన్నాడు.

స్వామి రాశాడు. 'కారణం: కార్మికురాలి పరధ్యానం.' వేళ్ళు వాటంతటవే టైపు చేశాయి. కాగితం బయటికి వచ్చింది. ఆమె కుడిచేతికి మణికట్టుదాకా కట్టు ఉంది. ఎడమచేతి వేలిముద్ర వేయమన్నారు. సిరా పెట్టె స్వామి పక్కనే ఉండటంతో అతనే లేచి పట్టుకున్నాడు. సుంకమ్మ బొటనవేలు సిరాలో అద్ది, అతను వేలు పెట్టి చూపించిన చోట గట్టిగా ఒత్తింది. ఆసుపత్రి మందుల వాసన వేసింది ఆమె దగ్గర.

"అయిపోయింది గదా. పోవచ్చునా సార్?" అంది.

ఆ మాట ఆమె అడిగింది పద్మాకర్‌ను కాదు, రంగనాయకుల్ని కాదు. తమ్ముణ్ణి. ముక్కు చీది, తల దువ్వి, బడికి ఎత్తుకుపోయి దింపిన తమ్ముణ్ణి సార్ అని అడిగింది. అందులో ఎత్తిపొడుపు ఇసుమంతైనా లేదు. నిజంగానే సెలవు అడిగింది.

స్వామి ఇంకా సిరా పెట్టె పట్టుకునే ఉన్నాడు.

"ఆమె లైట్లు చూడలేదు సార్" అన్నాడు. "నన్ను చూసింది."

"ఏమిటీ?" అన్నాడు పద్మాకర్.

"నన్ను చూసి నవ్వింది. నేను మొహం తిప్పుకున్నాను. ఆమె మా అక్క సార్. సొంత అక్క."

రంగనాయకులు కళ్ళజోడు తీశాడు. సుంకమ్మ "రేయ్" అంది, పెదవులు కదిలాయో లేదో అన్నట్టు. స్వామి ఆగలేదు. ఆగితే మళ్ళీ చెప్పలేడని అతనికి తెలుసు. "పైకి చూసినంత మాత్రాన వేళ్ళు పోవు సార్. మామూలు మనిషైతే అర సెకనులో మీట తొక్కేది. ఆమెకు తెలియలేదు. తెలియకుండా చేసింది నేను. అలసట తగ్గిస్తుందని చెప్పాం. అది అలసట కాదు, నొప్పి. గేటు దగ్గర పట్టీలు తీశాక వీళ్ళు మెట్లమీద కూలబడుతున్నారని మూడు నెలల కిందటే విన్నాను. రాయలేదు."

"ఇవన్నీ ముందే ఎందుకు చెప్పలేదు స్వామీ?" పద్మాకర్ గొంతు పెంచలేదు. "కనీసం ఆమె మీ అక్కని?"

"సిగ్గుపడి సార్."

రంగనాయకులు వేలిముద్ర పడిన కాగితాన్ని తీసి, నాలుగు మడతలు పెట్టి, జేబులో పెట్టుకున్నాడు. "ఇది చెల్లదు. మళ్ళీ కూర్చోవాలి. ఈలోగా పట్టీలన్నీ తీయించండి" అన్నాడు. పద్మాకర్ స్వామితో ఒకే మాట అన్నాడు. "రేపటినుంచి రావద్దు. మీ దగ్గరున్న ల్యాప్‌టాప్, రికార్డులు సాయంత్రానికి ఇచ్చి వెళ్ళండి."

వసారాలోకి రాగానే సుంకమ్మ ఎడమచేత్తో అతని చొక్కా పట్టుకుంది.

"ఏంటికి చెప్తివిరా? నా చెయ్యి ఎట్లాగూ పాయె. నీ ఉద్యోగం గూడా పోవాల్నా? అంతా సరిపెట్టుకుంటి గదా నేను!"

ఆమె చొక్కా వదిలింది. కాసేపు గోడకు ఆనుకుని నిలబడి, లోపల విన్న మాటలను ఒక్కొక్కటీ మళ్ళీ తలుచుకుంటున్నట్టు ఉంది. ముఖం మెల్లగా మారింది.

"అలసట అని చెప్తివి నాకు."

"అవునక్కా."

"నేను అడిగితి. నువ్వు చేసిందేనా అని అడిగితి."

"అడిగావు."

"ఆళ్ళంతా నా మాటమీద కట్టుకున్యారురా. నీ కంపెనీ మాటమీద కాదు. 'సుంకమ్మ చెప్పింది, ఏం కాదు' అని రహమత్‌బీ తన చేతులతో కట్టింది వరసలో పడుచుపిల్లలకు." ఆమె కళ్ళు తుడుచుకుంది. "ఆళ్ళకు నా మొగం ఎట్ల సూపించల్ల?"

స్వామి తలవంచుకున్నాడు. తన సిగ్గు తనదేననుకున్నాడు ఇన్నాళ్ళూ. దాన్ని అక్కకు కూడా అంటించాడని అప్పుడు తెలిసింది.

"నడువు" అంది సుంకమ్మ.

మధ్యాహ్నం భోజనాల వేళ. తలుపుల వరుస ఆడవాళ్ళు రేకుల షెడ్డు కింద బాక్సులు విప్పుకుని కూర్చున్నారు. నుదుళ్ళమీద పట్టీలు లేవు. అప్పుడే తీయించారు. నల్లగా అచ్చులు మాత్రం మిగిలాయి. కొందరు తినకుండా మోకాళ్ళు పట్టుకుని కూర్చున్నారు. సుంకమ్మ స్వామిని వాళ్ళ మధ్యకు తీసుకుపోయి నిలబెట్టింది.

"వీడు నా తమ్ముడు. ఆ పట్టీ వీడే చేసినాడు. అలసట పోతాదని నేను మీకు చెప్పింది తప్పు. అది నొప్పి తెలీకుండా చేసేది. నాకూ తెలీదు. వీడికి తెలుసు. అడగండి."

రహమత్‌బీ నోట్లో ముద్ద మింగి అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది. "ఈ సారు నీ తమ్ముడా! మూడేండ్లు ఒకే కొళాయి కింద చేతులు కడుక్కుంటిమి, ఒక్కనాడన్నా అంటివా? ఏమప్పా, మా సుంకమ్మ నీకు చెప్పుకోలేనంత చెడ్డదా?"

"కాదు పెద్దమ్మా" అన్నాడు స్వామి.

"సరే, ఇది సెప్పు." ఆమె చెయ్యి చాపింది. మోచేతి కింద అరచేతంత కాలిన మచ్చ, సగం ఆరి, సగం చీము పట్టి ఉంది. "ఇది నాకు యాడ తగిలిందో తెలీదు. ఎప్పుడు తగిలిందో తెలీదు. ఇంట్లో కోడలు సూసి అడిగింది. ఏం సెప్పాలో తెలీక, పొయ్యికాడ అని అబద్ధం చెప్పినా."

స్వామి సంచిలోంచి ల్యాప్‌టాప్ తీశాడు. సాయంత్రానికి ఇచ్చేయాల్సింది. చెరిపిన నొప్పులన్నీ పట్టీలు రాసిపెట్టుకున్న చోటు తెరిచాడు. అతను తెరవడం అదే మొదటిసారి. ఆమె పేరు వెతికాడు. వరుసలు దొర్లుతూనే ఉన్నాయి, చివర కనిపించలేదు.

"పదహారో తారీకు, మంగళవారం. పొద్దున తొమ్మిదీ నలభై. ఎడమ మోచేయి. నలభై సెకన్లు."

"నలభై సెకన్లు కాలతాంటే ఊరకుంటినా నేను?" అంది రహమత్‌బీ. అతన్ని కాదు, తన చేతినే అడిగినట్టు అడిగింది.

ఇంకొకామె భుజం చూపించింది. ఇంకొకామె పిక్క. ఒక పడుచుపిల్ల గోరు ఊడిన బొటనవేలు చూపించి, సిగ్గుపడుతూ వెనక్కి తీసుకుంది. స్వామి ఒక్కొక్కరి ముందూ మోకాళ్ళమీద కూర్చుని చదివాడు. తారీకు, వేళ, ఒంట్లో ఎక్కడ, ఎంతసేపు. వాళ్ళు వింటూ ఆ చోటును తడుముకున్నారు. ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది అతనికి. బాక్సుల్లో అన్నం ఎండిపోతోంది.

అందరూ అయ్యాక సుంకమ్మ వచ్చి ఎదురుగా కూర్చుంది. "నాది గూడా చదువు."

"నీది తెలిసిందే కదక్కా."

"ఆళ్ళకు చదివినట్టే నాకూ చదువు."

అతను ఆమె పేరు తెరిచాడు. "గురువారం. పొద్దున పదీ ఇరవై రెండు. కుడిచెయ్యి, మూడు వేళ్ళు. పదకొండు సెకన్లు." చదివి ఆగాడు. విచారణ కోసం కాగితాలు సిద్ధం చేసినవాళ్ళు ఆ ఒక్క వరుసనే తీసి పెట్టారు. దానికి పైన ఇంకొక వరుస ఉంది.

"ఇంకేమన్నా ఉండాదా?"

లేదనవచ్చు. ఆ అక్షరాలు ఆమెకు కనిపించనంత చిన్నవి.

"ఉంది."

"చదువు మరి."

"అదే గురువారం. అదే నిమిషం. చెయ్యి నలగడానికి ముందు." అతను తలెత్తలేకపోయాడు. "గొంతులో. నాలుగు సెకన్లు."

"గొంతులో ఏం తగిలిందే నీకు?" అంది రహమత్‌బీ ఆశ్చర్యంగా.

సుంకమ్మ ఆ పొద్దును వెనక్కి తోడుకుంటున్నట్టు కళ్ళు చిన్నవి చేసుకుంది. తలుపు, దవడ, అద్దాల గది. ఆమె చూపు మెల్లగా వచ్చి తమ్ముడి ముఖం దగ్గర ఆగింది. కట్టులేని చేత్తో గొంతు తాకి చూసుకుంది.

"అది నాకు తెల్లేదురా" అంది. చెయ్యి గొంతుమీదనుంచి తీయకుండానే, "ఇప్పుడు తెలుస్తాండాది" అంది.